కట్ట మీది అత్త

మా చెల్లెలు నాకు సముద్రం చూపిస్తానని తీసుకెళ్ళింది. నేను మాత్రం రోడ్డును చూస్తూ కూర్చున్నాను.

అది ముంబైలో ఉంటుంది. వాళ్ళ ఇంటికి కాస్త దూరంలో సముద్రపు ఒడ్డున పెద్ద గోడ కట్టారు. గోడ అంటే ఉత్త గోడ కాదు. అలలు కొట్టే వైపు నాలుగు కాళ్ళ సిమెంటు దిమ్మెలు కుప్పలుగా పోసి, వాటి వెనక మెట్లు మెట్లుగా వెడల్పాటి అరుగులు కట్టి, పైన నడవడానికి దారి, దీపాలు, పిల్లలకు జారుడుబండ, కంకులు కాల్చేవాళ్ళకు జాగా, అన్నీ అమర్చారు. తుఫాను వస్తే ఊరిని కాపాడాల్సింది అదే, సాయంత్రమైతే ఊరంతా కాళ్ళు చాపుకుని కూర్చునేదీ అదే. ఒక ముసలాయన చెప్పులు పక్కన విడిచి హాయిగా కునుకు తీస్తున్నాడు. ఆయన కింద అల వచ్చి ధబ్బున గుద్దుకుంటోంది. ఆ అదురు రాతిలోంచి నా నడుములోకి ఎక్కుతోంది. ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు.

"అక్కా, గిటు తిరుగే. గింత దూరం రైలెక్కి వచ్చింది రోడ్డు సూడనీకా?" అంది చెల్లెలు.

"నాకు గిట్లనే మంచిగున్నది."

"నీ ఇష్టం. మేమైతె రోజూ డ్యూటీ అయినంక ఈ కట్టా మీదనే కూసుంటం" అంది అది, కంకి కొరుకుతూ.

కట్టా! మరాఠీలో కట్టా అంటే నలుగురూ చేరి కబుర్లు చెప్పుకునే అరుగు. మన తెలుగులో కట్ట అంటే నీళ్ళను ఆపేది. ఒక్క దీర్ఘం తేడా. మా చంద్రపూర్‌లో రెండు భాషలూ ఒకే నోట్లో నానుతాయి కాబట్టి ఆ తేడాను ఎవరూ పట్టించుకోరు. మా అత్త అసలే పట్టించుకోలేదు.

అత్త అంటే మేనత్త కాదు, మా ఆయన తల్లీ కాదు. లాల్‌పేట్ గనిలో మా నాయనా, ఆమె భర్తా ఒకే షిఫ్టులో దిగేవాళ్ళు. ఇద్దరూ కరీంనగర్ వైపు నుంచి బొగ్గు పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళే. మా నాయన ఆమెను చెల్లె అని పిలిచేవాడు కాబట్టి నాకు అత్త అయింది. పేరు రాయను. రాస్తే ఎక్కడున్నా లేచి వచ్చి, "నన్ను అడిగినవానే?" అంటుంది. ఆమె పోయి ఏడాది దాటింది, అయినా నాకు ఆ భయం పోలేదు.

పొట్టి మనిషి, పెద్ద గొంతు. బొడ్లో ఎప్పుడూ ఖర్రా పొట్లం. వక్కా, తంబాకూ, సున్నం కలిపి నలిపి అమ్ముతారు మా దగ్గర, ఆడా మగా అందరూ నములుతారు. అత్త ఏదైనా పెద్ద మాట చెప్పబోయే ముందు ఆ ఖర్రాను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చేది. అది మారుతున్నంతసేపూ మేముండే సందు మొత్తం నోరు మూసుకుని ఎదురుచూడాలి. హాస్యం ఆడినా అంతే, మాట పూర్తి కాకముందే తానే పకపకా నవ్వేది. సగం హాస్యాలు మాకు అర్థం కాకుండానే పోయాయి.

నది ఒడ్డున ఇల్లు, కానీ నది పేరు నోట పలికేది కాదు. ఇరై నదిని "ఆమె" అనేది, పక్కింటి గయ్యాళిని గురించి చెప్పినట్టు. "ఇయ్యాల ఆమె గరం మీదున్నది." "ఆమె ముఖం మంచిగ లేదే పోరీ, తొందరగ ఇంటికి పో." నీళ్ళంటే అత్తకు అంత భయం. చిన్నప్పుడు వాళ్ళ ఊరి చెరువు కట్ట తెగిందట. మగవాళ్ళంతా మట్టి తట్టలతో కట్ట మీదికి ఉరికారట, తల్లి చంకలో ఉండి ఈమె చూసిందట. ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా చివర ఒక్కటే మాట: "కట్ట నిలవడ్డదా, ఊరు నిలవడ్డట్టే. కట్ట తెగిందా, ఇగ అయిపాయె."

ఒడ్డుకూ ఇళ్ళకూ మధ్య ఏమీ లేని రోజుల్లో, వాన ముసురు పట్టిందంటే అందరికంటే ముందు మూట కట్టేది అత్తే. బియ్యం అటకెక్కించి, మేకను విప్పుకుని, ఇంటింటి తలుపూ గుద్దేది. "సస్తరానే ఈడనే? లెవ్వుండ్రి, బడికి నడువుండ్రి!" నీళ్ళు ఇంకా ఒడ్డు దిగువన ఉండగానే మమ్మల్నందరినీ మిట్ట మీదున్న బడికి తోలుకుపోయేది. చాలాసార్లు నీళ్ళు రానేలేదు. మేం నవ్వేవాళ్ళం, పిరికిది అని వెక్కిరించేవాళ్ళం. వచ్చినప్పుడు మాత్రం సందులో మనిషన్నవాడు ఒక్కడు ఉండేవాడు కాదు. ఆ పిరికితనం పుణ్యమా అని ఎందరు బతికారో ఆ దేవుడికే తెలియాలి.

నాకు పెళ్ళయి ఊళ్ళోనే ఉన్న బాబుపేట్‌కు వచ్చేసిన చాలా ఏళ్ళకు, ఒక ఎండాకాలం, ఆ ఒడ్డున ఎవరో నాయకుడి నిధులతో పని మొదలైంది. నడుమెత్తు గోడ, దానికి ఆనించి గ్రానైటు పలకలు పరిచిన అరుగు, నడిచే దారి, పెద్దవాళ్ళు కసరత్తు చేసుకునే ఇనుప సామాన్లు, రెండు ఊయలలు, ఒక బోర్డు. ముచ్చటగానే కట్టారు. దాన్ని కట్టినవాళ్ళు అది నీళ్ళను ఆపుతుందని ఎన్నడూ అనలేదు, ఆ సంగతి ఇక్కడే చెప్పాలి. కూర్చోవడానికి కట్టారు, అంతే.

పని పూర్తయిన వారం నేను చూడ్డానికి వెళితే అత్త నన్ను చెయ్యి పట్టుకుని బోర్డు ముందుకు లాక్కుపోయింది.

"గా బోర్డు మీద ఏం రాసిండ్రో సదువు."

అత్తకు ఏ లిపీ రాదు. నేను మరాఠీ బడిలో చదివినదాన్ని. తెలుగు అక్షరాలు తర్వాత మంచిర్యాలలో మేనమామ ఇంట్లో ఉండి నేర్చుకున్నాను. "జ్యేష్ఠ నాగరిక్ కట్టా" అని చదివాను.

"కట్టనా?"

"కట్టా. ముసలోళ్ళు కూసునే జాగ అని."

ఖర్రా ఆ బుగ్గకు మారింది. "కూసునేదానికి కట్ట అని ఎవలన్న పేరు వెడ్తరానే? కూసునేది అరుగు. నీళ్ళను ఆపేది కట్ట. నీళ్ళ ఒడ్డుకు కట్టిండ్రు, కట్ట అని రాసిండ్రు. ఇంకేంది?"

"అత్తా, మరాఠీల కట్టా అంటె వేరు."

"మరాఠీ నీళ్ళు వేరున్నయా?" అని నవ్వేసింది. నేను కూడా నవ్వాను. నవ్వక ఏం చేస్తాను, ఆమెతో గెలిచినవాళ్ళు ఎవరున్నారు కనుక.

ఇక అప్పటి నుంచి సాయంత్రాలు అక్కడే. రాగానే గోడను అరచేత్తో గట్టిగా చరిచేది, పాడిబర్రెను చరిచినట్టు. "ఉన్నవా?" అని అడిగేది. గోడ ఏం చెప్పేదో ఏమో, తృప్తిగా ముఖం నది వైపు పెట్టి కూర్చునేది. నడకకు వచ్చేవాళ్ళకు "ఉరుకుడు సార్లు" అని పేరు పెట్టింది. నడుం తిప్పే చక్రం ఎక్కి రోజూ గిరగిరా తిరిగే ఒక బ్యాంకాయన ఉండేవాడు. ఆయనకు తెలుగు ముక్క రాదు. "ఇసుర్రాయి సారూ, ఇయ్యాల ఎంత పిండయింది?" అని అడిగేది ముఖం మీదే. ఆయన పాపం మర్యాదగా, "హో ఆజీ, హో", అవునవ్వా అవును, అనేవాడు. సందు ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు.

కట్ట ఉన్నాక కట్ట మైసమ్మ లేకపోతే ఎట్లా? తెలంగాణలో ఏ చెరువు కట్ట చూసినా ఒక మూల మైసమ్మ రాయి ఉంటుంది. కట్ట తెగకుండా కాపలా కాసేది ఆ తల్లే. అత్త నదిలోంచి గుండ్రటి రాయి ఒకటి ఏరి తెచ్చి, కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, గోడ చివర నిలబెట్టింది. ఆషాఢంలో నెత్తిన బోనం పెట్టుకుని వచ్చింది. మరాఠీ ఆడవాళ్ళు ఆ రాయిని చూసి "మరిమాయ్" అని వాళ్ళ దేవతగా గుర్తుపట్టి కొబ్బరికాయలు తెచ్చారు. ఉరుకుడు సార్లలో కొందరు బూట్లు విప్పి దండం పెట్టారు. చూస్తుండగానే అరుగు కాస్తా కట్ట అయి కూర్చుంది. సిమెంటు మారలేదు, ఇటుక మారలేదు. మా వాళ్ళ భయం ఒక్కటే ఎటో పోయింది.

ఆ ఏడు వానలకు ఎవరూ బియ్యం అటకెక్కించలేదు. వానలు అంతంతమాత్రం, నది ఒడ్డు దాటలేదు. మరుసటి ఏడూ అంతే. అత్త లెక్కలో అదంతా కట్ట మహిమ. కోఠారిలో ఉన్న ఆమె కూతురు ఫోను చేసి, "అమ్మా, వానకాలం మా ఇంటికాడ ఉండరాదే" అని బతిమాలేది. "కట్ట లేనప్పుడు రమ్మన్నవా? ఇప్పుడెందుకు?" అని పెట్టేసేది. నేను వెళ్ళినప్పుడల్లా గొణిగేదాన్ని. ఎవరు వింటారు? భయపడే అత్తను చూసి నవ్విన నాకు, భయపడని అత్తను చూస్తే ఎందుకో భయమేసేది.

సందు వెనక ఒక నాలా ఉంది. ఊరి మురుగంతా అందులోంచే నదిలో కలుస్తుంది. ఆ వైపు కంపు. ఎవరూ కూర్చోరు, ఎవరూ చూడరు. బోర్డు లేదు, గ్రానైటు లేదు.

రాజురా పిల్ల ఆ రోజుల్లోనే వచ్చింది. రాజురా అవతలి పల్లెల్లో తాతల నాటి నుంచి వ్యవసాయం చేసుకుంటున్న తెలుగు వాళ్ళ పిల్ల. అందరూ అట్లాగే పిలిచేవాళ్ళు. భర్త బొగ్గు లారీ నడుపుతాడు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. అత్త ఇంటి పక్క గది అద్దెకు తీసుకున్నారు. ఆ పిల్లకు తల్లి లేదు, పుట్టింటి పురుడు లేదు. మొదటి కాన్పు, ఆడపిల్ల. దవాఖాన నుంచి వచ్చిన రోజే అత్త నడుం బిగించింది. పసిదానికి నూనె రాసి కాళ్ళ మీద వేసుకుని స్నానం, సాంబ్రాణి పొగ. తల్లికి ఎల్లిపాయ కారంతో వేడివేడి అన్నం, తలకు గుడ్డ, చెవుల్లో గాలి దూరకుండా దూది. "నాకు గూడ గింత జెయ్యలే నువ్వు" అని కూతురు ఎత్తిపొడిచింది. ఆ పిల్ల కూడా అత్తను అంటిపెట్టుకునే ఉండేది. మంచినీళ్ళు తాగాలన్నా "అవ్వా, తాగొచ్చా?" అని అడిగేది. ఆ మాట వింటే అత్త ముఖం వెలిగిపోయేది. నిజం చెప్పాలంటే నాకు కాస్త అసూయగా కూడా ఉండేది.

పసిదానికి ఇంకా నెల నిండలేదు, ముసురు పట్టింది. మామూలు ముసురు కాదు. పగలు దీపం పెట్టుకోవాల్సి వచ్చింది. నది వాసన మారింది. బురదా, బొగ్గూ, తడిసిన గోనెసంచీ కలిసిన వాసన బాబుపేట్ దాకా వచ్చింది. ఆ మధ్యాహ్నం మనసు ఊరుకోక లాల్‌పేట్ వెళ్ళాను.

అక్కడ చూస్తే తిరునాళ్ళలా ఉంది. వాన తెరిపి ఇచ్చిందని ఊళ్ళో జనం బండ్లేసుకుని వచ్చి గోడ పొడుగునా నిలబడి నదిని ఫోన్లలో పట్టుకుంటున్నారు. ఒకడు బజ్జీల బండి కూడా తెచ్చాడు. నది గోడకు అవతల పొంగి పొర్లుతోంది, చెట్లకు చెట్లు కొట్టుకొస్తున్నాయి. గోడ ఇవతల జనం ఉల్లిపాయ బజ్జీలు ఊదుకుంటూ తింటున్నారు. అత్త మైసమ్మ రాయి పక్కన నిలబడి ఎవరినీ గోడ ఎక్కనివ్వకుండా అదిలిస్తోంది. చీమలు గుడ్లు నోట కరుచుకుని బారులు బారులుగా గోడ ఎక్కుతున్నాయి. నది వైపు నుంచి కాదు, సందు వైపు నుంచి.

"సూసినవానే? చీమలు గూడ కట్టకే వస్తున్నయి" అంది అత్త గర్వంగా.

నేను చీమలు వస్తున్న వైపే చూస్తూ నిలబడ్డాను.

అంతలో మైకు కట్టిన ఆటో వచ్చింది. నది ఒడ్డు వాళ్ళు భద్రమైన చోటికి వెళ్ళాలి, కట్ట్యావర్ కోణీ థాంబూ నయే, కట్టా మీద ఎవరూ నిలబడకూడదు అని మరాఠీలో అరుచుకుంటూ పోయింది. జనం చెదిరిపోయారు. సందులో కొందరు మూటలు కట్టారు. మిగతావాళ్ళు అత్త ముఖం చూశారు.

"మంచి మాటనే చెప్తుండ్రు. మనుషులెక్కితె కట్ట కుంగుతది. దిగుండ్రి, అందరు దిగుండ్రి" అంది అత్త.

నేను తిన్నగా రాజురా పిల్ల గదికి పోయాను. "నడువు, బడికి పోదాం" అన్నాను. భర్త లారీతో ఎక్కడో ఉన్నాడు. పిల్ల మారుమాట్లాడకుండా సంచిలో పసిదాని గుడ్డలు సర్దుకుని బయటికొచ్చింది. ఎదురుగా అత్త.

"ఏడికే?"

"అక్క బడికి పోదామంటుందవ్వా."

అత్త నా వైపు తిరిగింది. కళ్ళు నిప్పులు. "పచ్చి బాలెంతను గా బడిల గచ్చు మీద పండవెడ్తవా? ఊరందరి దగ్గులల్ల, తుమ్ములల్ల పసిగుడ్డును వెడ్తవా? సన్ని గొడితె నువ్వు జూస్తవా, ఆఁ?"

"నీళ్ళొస్తె?"

"ఏడికెల్లి వస్తయే? పొద్దటి సంది నేను ఆమె ముంగట్నే ఉన్న. కట్ట దాటి సుక్క రాలే."

"అది కట్ట గాదత్తా! ఎన్నిసార్లు జెప్పాలె నీకు? అరుగది! కూసునే అరుగు!" గొంతు చించుకుని అరిచాను.

"అరుగైతే మైసమ్మ నిలవడ్తదా?" అంది.

పిల్ల మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. సంచి ఇంకా భుజానే ఉంది. "ఏం గాదు గదవ్వా?" అంది మెల్లగా.

అత్త గొంతు అప్పుడు ఎంత మెత్తగా ఉందో నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. "నేనున్న గద బిడ్డా. నేను కట్ట మీద కావలుంట. నువ్వు తలుపేసుకొని పండుకో. పిల్లకు పాలియ్యి." బాలెంత చెవుల్లో దూది సరిచేసి, తలగుడ్డ బిగించి, సంచి తీసి లోపల పెట్టింది. లోపలి నుంచి గొళ్ళెం పడిన చప్పుడు విన్నాను.

నేను ఊరుకోలేదు. ఆటో తెచ్చి తల్లీ పిల్లనూ ఎత్తి అయినా అందులో పడేయాలని రోడ్డు మీదికి పరిగెత్తాను. ఒక్కడూ వస్తాననలేదు. కాళ్ళు పట్టుకున్నంత పని చేసి ఒకతన్ని ఒప్పించి తీసుకొచ్చాను. సందు మొగలోనే అతను బండి ఆపేశాడు.

"తాయీ, పాణీ" అన్నాడు.

వాన లేదు. గాలి లేదు. చప్పుడు లేదు. నల్లటి నీళ్ళు, ఇళ్ళ వెనక నుంచి, నాలా వైపు నుంచి, చెప్పులూ సీసాలూ మోసుకుంటూ, చుట్టం వచ్చినట్టు నింపాదిగా సందులోకి వస్తున్నాయి. నది నిండితే నాలా నీళ్ళు దిగడానికి చోటుండదు, వెనక్కి తంతాయి. అత్త చెప్పే ఆమె ముందు వాకిట్లోంచి రాలేదు, దొడ్డిదారిన వచ్చింది. గోడ మీంచి మాత్రం ఒక్క చుక్క దాటలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ చివర, కట్ట మీద, అత్త మాకు వీపు పెట్టి నదికి ఎదురుగా నిలబడి ఉంది. ఒక చెయ్యి గోడ మీద.

"అత్తా!"

తిరక్కుండానే రెండో చెయ్యి ఊపింది. "రాలే! సుక్క గూడ రాలే!"

"ఎనుకకు సూడే, అత్తా! ఎనుకకు సూడు!"

తిరిగింది. నోట్లో ఖర్రా ఉమ్మేయడం కూడా మరిచి అట్లాగే నోరు తెరుచుకుని నిలబడింది. అరుగు దిగింది. మోకాళ్ళ దాకా నీళ్ళు, రెండడుగులు వేసేసరికి నడుం దాకా. నీళ్ళంటే ప్రాణం పోయే మనిషి, ఆ మురుగులో చేతులతో తోసుకుంటూ రాజురా పిల్ల తలుపు దగ్గరికి పోయి రెండు చేతులా గుద్దింది. పిల్ల పలకదు. చెవుల్లో దూది. గాఢంగా నిద్రపోతోంది బాలెంత.

ఆటో అతనూ, నేనూ, ఇంకో ఇద్దరు మనుషులూ తాడు పట్టుకుని చేరేసరికి అత్త అరచేతులు చిట్లి తలుపు మీద ఎర్రటి మరకలు. భుజం పెట్టి తోస్తే తలుపు ఊడింది. మంచం తేలుతోంది. పిల్ల గూట్లో కాలు పెట్టి గోడకు కరుచుకుని, పసిదాన్ని నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని ఉంది. అరవడం కూడా లేదు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అత్త స్నానాల ప్లాస్టిక్ టబ్బు అందుకుని, పసిదాన్ని అందులో వేసి, నెత్తిన పెట్టుకుంది. మొన్న ఆషాఢంలో బోనం ఎత్తుకున్న నెత్తి. పొట్టి మనిషికి గడ్డం దాకా నీళ్ళు. పెదవులు కదులుతున్నాయి. మైసమ్మను తలుచుకుంటోందేమో అనుకున్నాను. దగ్గరికి పోతే వినబడింది. "తప్పయింది, తప్పయింది, తప్పయింది" అంటోంది. ఎవరితో అంటోందో తెలియదు.

అందరం బయటపడ్డాం. కానీ పసిదానికి ఆ రోజే జ్వరం, డొక్కలు ఎగరేయడం. దవాఖానలో గాజు పెట్టెలో పెట్టారు. ఉంటుందో పోతుందో డాక్టర్లు చెప్పలేదు. రాజురా పిల్ల ఆ గది బయట నేల మీద కూర్చుని తలుపునే చూస్తుండేది. అత్త చేతులకు కట్లతో, దూరంగా స్తంభం పక్కన నిలబడేది. ఒక రోజు ధైర్యం చేసి దగ్గరికి వచ్చి, "బిడ్డా, ఇంత చాయ తాగు" అంది.

పిల్ల తల ఎత్తి చూసింది. కోపం లేదు ఆ ముఖంలో. "నీ మాటనే విన్న గదవ్వా" అంది. అంతే.

తిట్టి ఉంటే అత్త బతికిపోయేది. తిట్లకు తిట్లు ఆమె దగ్గర బోలెడు. చాయ గ్లాసు అక్కడే నేల మీద పెట్టి వెనక్కి వచ్చింది.

పసిది గట్టిపిండం, బతికింది. ఆ కబురు తెలిసిన రోజే అత్త కూతురితో కోఠారి వెళ్ళిపోయింది. కట్ట వైపు కన్నెత్తి చూడలేదు. అక్కడ ఇప్పుడు మళ్ళీ రంగులు వేశారు, ఊయలలు బాగుచేశారు. అద్దె తక్కువని సందులోకి కొత్తవాళ్ళు వచ్చారు. రాయికి ఎవరో పసుపు పూస్తూనే ఉన్నారు. మొన్న అటు వెళితే కుంకుమ పచ్చిగా ఉంది.

కోఠారిలో అత్త మనిషి మారిపోయింది. ఖర్రా మానేసింది. ముందు మాటలు తగ్గాయి, తర్వాత మతి తప్పడం మొదలైంది. మంచం మీద పడుకుని చెయ్యి కిందికి జార్చి నేల తడుముతుందని, తడిగా ఉందా అని అడుగుతుందని కూతురు చెప్పింది. ఈ సంగతి ఒకసారి రాజురా పిల్లతో అన్నాను. ఆ పిల్ల అప్పటికి ఊళ్ళో మిట్ట మీద ఇల్లు చూసుకుంది. కొన్నాళ్ళకు తనే ఫోను చేసింది. "అక్కా, నన్ను అవ్వ దగ్గరికి తోల్కపోతవా?"

ఎండాకాలం. మా చంద్రపూర్ ఎండ సంగతి చెప్పేదేముంది, గాలి పీలిస్తే ముక్కు కాలుతుంది. మధ్యాహ్నానికి బస్సు దిగాం. కనుచూపు మేరలో నీటి చుక్క లేదు. పసిది ఇప్పుడు నడుస్తోంది, గజ్జెల చప్పుడు చేసుకుంటూ. బస్సులో ఆ పిల్ల నన్ను చాలాసేపు అడిగింది, ఏమని మొదలుపెట్టాలని. "నా మనుసుల ఏం లేదవ్వా అని జెప్త. సాలు గదక్కా?" అంది. చాలు అన్నాను.

అత్త మంచం మీద ఒక గుప్పెడు ఎముకలుగా ఉంది. "అత్తా, ఎవలొచ్చిండ్రో సూడు" అన్నాను. గుమ్మంలో చెప్పులు విడిచి పిల్ల ముందుకు వచ్చింది, తన బిడ్డ చెయ్యి పట్టుకుని. "అవ్వా, నేను" అంది.

అత్త చూసింది. ఆ కళ్ళలో ఏదో కదిలింది, ఒక్కసారిగా మోచేతుల మీద లేచింది.

"నువ్వింక ఈడనే ఉన్నవానే?"

"అవ్వా..."

"పోలేదా? ఇంక పోలేదా నువ్వు?" రెండు చేతులతో పిల్ల తలను దగ్గరికి లాక్కుంది. వేళ్ళతో చెవుల్లో వెతకడం మొదలుపెట్టింది, లేని దూదిని తీసెయ్యడానికి. గోళ్ళు గీరుకుంటున్నా పిల్ల కదల్లేదు. "ఇను బిడ్డా. నా మాట ఇనకు. కట్ట లేదు, గిట్ట లేదు. అది అరుగు. ఉత్త అరుగు. మూట గీట ఇడిసిపెట్టు. పిల్లను ఎత్తుకో. పో!"

"అవ్వా, నీళ్ళు లేవవ్వా. ఎండాకాలం..."

"పో అంటున్న గదా!" పాత గొంతు. ఇల్లంతా అదిరింది. "ఎనుక నుంచి వస్తున్నయే! పో బిడ్డా, పో, పో!"

కూతురు అడ్డం వచ్చి, "అమ్మా, ఊకో" అంటోంది. నేను రాజురా పిల్ల ముఖం చూశాను. ఎందుకు తీసుకొచ్చానురా దేవుడా అనుకున్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం నిలబడింది. వంగి బిడ్డను చంకనేసుకుంది. గుమ్మం దాటి, వాకిలి దాటి, వెనక్కి చూడకుండా పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

నొచ్చుకుంది అనుకున్నాను. కిటికీలోంచి చూస్తే వీధి దాటి, రోడ్డు పక్కన ఎర్రమట్టి దిబ్బ ఒకటి ఉంటే దాని మీదికి ఎక్కింది. ఎక్కి, బిడ్డ నెత్తిన కొంగు కప్పి, ఇటు తిరిగి నిలబడింది.

"పోయిందా?" అంది అత్త, రొప్పుతూ.

"పోయిందత్తా."

"ఏడికి?"

"మిట్ట మీదికి."

"పిల్ల?"

"సంకలనే ఉన్నది."

అత్త మెల్లగా వెనక్కి వాలింది. కూతురు దిండు సర్దింది. ఊపిరి నిమ్మళించడానికి చాలాసేపు పట్టింది. ఆమె నిద్రపోయిందని నేను వెళ్ళి పిలిచేదాకా, ఆ పిల్ల ఆ ఎండలో, కాళ్ళకు చెప్పులు లేకుండా, దిబ్బ మీంచి దిగలేదు.